బడికి పొరుగెవరు?

పొరుగుబడి అనే మాట చట్టంలోనే ఉంది. 2009లో చేసిన విద్యాహక్కు చట్టం 2010 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చింది. ఆరేళ్ల నుంచి పద్నాలుగేళ్ల దాకా ఉన్న ప్రతి బిడ్డకూ తన పొరుగున ఉన్న బడిలో ఉచితంగా చదువుకునే హక్కు ఉందని ఆ చట్టం చెబుతుంది. పొరుగంటే ఎంత దూరమో నిబంధనల్లో రాశారు. ఐదో తరగతి దాకా ఒక కిలోమీటరు, ఎనిమిదో తరగతి దాకా మూడు కిలోమీటర్లు. పసికాళ్లు నడవగలిగిన దూరమే. ఆ లెక్కతో మాకు పేచీ లేదు. కానీ కిలోమీటరు లోపలే కాపురం ఉండి కూడా బడికి పొరుగు కానివాళ్లున్నారు. వాళ్లలో మేమూ ఉన్నాం. పొరుగును కిలోమీటర్లతో కొలవడం చాలనప్పుడు దేనితో కొలవాలి అన్నదే మా ప్రశ్న.

మేం మైదానంలో బతికే గిరిజనులం. గిరులు లేని గిరిజనులమని మమ్మల్ని మేమే ఎగతాళి చేసుకుంటుంటాం. ఎస్టీ అనగానే అందరికీ పాడేరు, అరకు, రంపచోడవరం గుర్తొస్తాయి. కృష్ణా జిల్లాలో షెడ్యూల్డు ప్రాంతం అన్నదే లేదు. ఇక్కడున్న యానాదులు, ఎరుకలవారు రైతుల ఊళ్ల అంచున, కాలవ గట్ల మీద, పోరంబోకు స్థలాల్లో బతుకుతున్నారు. ఏజెన్సీలో బడి దూరం కావచ్చు, పంతులు రాకపోవచ్చు, కానీ ఆ గూడెం గూడెం వాళ్లది. బడి పెడితే అది వాళ్ల మధ్యే పెడతారు. మా సంగతి వేరు. బడి ఎప్పటినుంచో ఉంది. అది ఊళ్లో ఉంది. మేం ఊరి పక్కన ఉన్నాం.

గుడివాడ నుంచి నందివాడ వైపు వెళ్లినవాళ్లకు ఈ మాట చెప్పకుండానే అర్థమవుతుంది. రోడ్డుకు అటూ ఇటూ నీళ్లే. ఒకప్పుడు సార్వా, దాళ్వా రెండు పంటలూ పండిన వరిచేలు 1980ల తర్వాత ఒకదాని వెంట ఒకటి చేపల చెరువులయ్యాయి. బుడమేరు ఈ మండలం మీదుగానే కొల్లేటికి పోతుంది. ఊళ్లు కాస్త మెరక మీద ఉంటాయి. రామాలయం, పంచాయతీ ఆఫీసు, బడి, నీళ్ల ట్యాంకు ఆ మెరక మీదే. మా గుడిసెలు గట్ల మీద. వరి ఉన్న రోజుల్లో చేలల్లో ఎలకలు పట్టడం మా వాళ్ల పని. అడుగున చిల్లి పెట్టిన కుండలో గడ్డి కూరి, నిప్పంటించి, కన్నంలోకి పొగ ఊదేవాళ్లు. ఏ కన్నంలో ఎలక ఉందో, ఏది వదిలేసి పోయిందో మట్టి చూసి చెప్పేవాళ్లు. ఆ విద్యకు ఏ బడిలోనూ మార్కుల్లేవు. చేలు చెరువులయ్యాక ఆ విద్య కూడా తగ్గింది, చెరువు కాపలా వచ్చింది.

చెరువు కాపలా అంటే ఏమిటో బయటివాళ్లకు కొంచెం చెప్పాలి. అది ఒక్క మనిషి కూలి కాదు. మొగుడూ పెళ్లాం కలిసి చేసే పని. పొద్దున్నే పడవ మీద మేత వేయాలి, పగలు పిట్టల్ని తోలాలి, రాత్రి దొంగలు రాకుండా చూడాలి. అందుకే గుడిసె గట్టు మీదే వేసుకోవాలి. జీతం ఇద్దరికీ కలిపి. ముందుగా అడ్వాన్సు తీసుకుంటారు, తీరేదాకా కదలడానికి లేదు. వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం 1976లోనే వచ్చింది. అయినా అడ్వాన్సు అనే ఇంగ్లీషు మాట పెట్టేసరికి అది వెట్టి కాదని అందరూ అనుకుంటారు. పట్టుబడి అయిపోయాక, లెక్క తేలితే, మరో చెరువుకు. ఈ ఏడు ఒక ఊరి గట్టు, వచ్చే ఏడు ఇంకో మండలం గట్టు. ఇప్పుడు చెప్పండి, ఆ గుడిసెలో ఏడేళ్ల పిల్లకు పొరుగుబడి ఏది? కిలోమీటరు ఎక్కడినుంచి కొలవాలి? చట్టం రాసినవాళ్ల మనసులో పిల్లకు ఒక ఇల్లుంది, ఇంటికొక నంబరుంది, ఆ ఇల్లు కదలదు.

నందివాడ మండలం పేరెత్తితే ఈ ప్రాంతంలో ఎవరైనా ముందు చెప్పేది అక్కినేని నాగేశ్వరరావు పేరు. 1924 సెప్టెంబరు 20న ఇక్కడి రామాపురంలో పుట్టారు. ఇంట్లో డబ్బు లేక ఆయన చదువు ప్రాథమిక బడితోనే ఆగిపోయింది. తర్వాత ఆయన విరాళమిచ్చిన గుడివాడ కాలేజీకి ఆయన పేరే పెట్టారు. చిన్నబడి దాటని మనిషి పేరు మీద ఇవాళ వేలమంది డిగ్రీలు తీసుకున్నారు. ఈ కథను బళ్లో పిల్లలకు చెబుతారు, చెప్పాల్సిందే. చదువు ఆగినా పట్టుదల ఉంటే పైకి రావచ్చునని చివర ఒక మాట కలుపుతారు. అక్కడ మేం కొంచెం ఆగుతాం. చదువు ఐదో క్లాసులోపే ఆగిన పిల్లలు మా గట్ల మీద ఇప్పటికీ ఉన్నారు. పట్టుదల వాళ్లకూ ఉంది, లేకపోతే రాత్రంతా చెరువు చుట్టూ తిరగరు. తేడా ఎక్కడంటే, ఆయన బడి మానేశాక కూడా ఊరి పిల్లవాడుగానే ఉన్నాడు. నాటకాలాడితే చూసే ఊరుంది, వెంట నిలబడే అన్న ఉన్నాడు, ఫలానావాళ్ల అబ్బాయి అని చెప్పేవాళ్లున్నారు. మా పిల్ల బడి మానేస్తే ఆ పిల్ల ఎవరో తెలిసినవాళ్లు కూడా ఊళ్లో మిగలరు. బడి పిల్లకు అక్షరాలే ఇస్తుందనుకుంటే ఈ తేడా అర్థం కాదు. ఫలానా పిల్ల ఈ ఊరిది అని నలుగురి నోటా అనిపించేది కూడా బడే.

ఈ ప్రాంతపు చదువుల చరిత్ర అంత అమాయకమైంది కాదు. 1843లో బందరులో రాబర్ట్ నోబుల్ పెట్టిన ఇంగ్లీషు బడి జిల్లాకు గర్వకారణమంటారు. అది పై కులాల పిల్లల కోసం పెట్టిన బడి. మా జాతులకు బడి అన్న మాట వేరే దారిన వచ్చింది. 1871 నాటి నేరస్థ జాతుల చట్టాన్ని 1911లో మద్రాసు రాజధానికి కూడా వర్తింపజేశారు. ఎరుకలవారిని, యానాదుల్లో కొందరిని పుట్టుకతోనే నేరస్థులుగా రాసుకున్నారు. బాపట్ల దగ్గర స్టూవర్టుపురం సెటిల్‌మెంటు ఆ దశకంలోనే సాల్వేషన్ ఆర్మీ చేతిలో మొదలైంది. ఇలాంటి సెటిల్‌మెంట్లలో బడులు ఉండేవి. పిల్లల్ని తల్లిదండ్రుల దగ్గరనుంచి విడదీసి దిద్దుబాటు బడుల్లో పెట్టే అధికారం కూడా ఆ చట్టం ప్రభుత్వానికి ఇచ్చింది. పెద్దవాళ్లు పోలీసుల ముందు హాజరు వేయించుకోవాలి. పేరు పిలిస్తే పలకాలి. పలకకపోతే పారిపోయినట్టే. మద్రాసులో ఆ చట్టం 1947లో పోయింది, దేశమంతటా 1952 ఆగస్టు 31న పోయింది. యానాదుల కోసం జీవితమంతా పనిచేసిన వెన్నెలకంటి రాఘవయ్యగారిలాంటివాళ్లు పోరాడితే పోయింది.

ఇవాళ బడిలో పంతులుగారు హాజరుపట్టీ తీసి పేరు పిలుస్తారు. పిల్ల పలుకుతుంది. మాస్టార్లకు అది రోజూ చేసే పని. మాకు మాత్రం అది చిన్న విషయం కాదు. మా తాతల కాలంలో పేరు పిలిచింది మా మీద కాపలా పెట్టడానికి. అదే పిలుపు ఇప్పుడు మా పిల్లను ఎదురుచూస్తున్నామని చెప్పడానికి వాడుతున్నారు. ఒకే మాట, ఒకే పుస్తకం, అడ్డంగా గీసిన అవే గళ్లు. రెంటికీ తేడా పిలిచేవాడి మనసులో ఉంది. పిల్ల రానిరోజు ఏం జరుగుతుందో చూస్తే ఆ మనసు తెలిసిపోతుంది. రాలేదని గుర్తు పెట్టి పేజీ తిప్పేస్తే అది లెక్క. ఏమైందో కనుక్కుని రమ్మని ఇంకో పిల్లను గట్టు మీదికి పంపితే అది బడి.

ఇప్పుడు హాజరు ఫోనులోకి వచ్చింది. వరసగా రాని పిల్ల పేరును డ్రాప్‌బాక్సులోకి నెడతారు. టీచర్లు ఈ మాటను ఎంత మామూలుగా వాడతారంటే, అందులో పడింది పిల్ల అని మర్చిపోయినట్టుంటుంది. డ్రాప్‌బాక్సులో పడిన పిల్ల ఏ బడి పిల్లా కాదు. మళ్లీ ఏదో బడివాళ్లు బయటికి తీసి చేర్చుకునేదాకా అందులోనే ఉంటుంది. పాత ఊరివాళ్లు వెళ్లిపోయిందంటారు. కొత్త ఊరివాళ్లకు వచ్చినట్టే తెలియదు.

ఇందులో తప్పెవరిది? ఈ ప్రశ్న మమ్మల్ని చాలాకాలంగా తొలుస్తోంది. ఎవర్ని అడిగినా వాళ్ల జవాబు న్యాయంగానే వినపడుతుంది. మాస్టారు ఒక్కడే ఐదు తరగతులు చూస్తున్నాడు, మధ్యాహ్నం భోజనం లెక్క, ఫొటోలు, యాప్‌లు ఆయన మీదే. గట్టు మీదికి ఎప్పుడు పోతాడు? చెరువు యజమాని, నేను పనికి పెట్టుకుంది పెద్దవాళ్లను, పిల్లల్ని బడికి పంపొద్దని నేనన్నానా అంటాడు. నిజమే, అనలేదు. తల్లి, నీళ్ల గట్టు మీద చంటివాణ్ణి ఎవరు చూస్తారయ్యా, దీన్ని బడికి పంపితే వాడు చెరువులో పడతాడు అంటుంది. అదీ నిజమే. పంచాయతీవాళ్లు, వాళ్లకు ఇక్కడ రేషన్ కార్డు లేదు, ఓటు లేదు, మా ఊరివాళ్లు కారు కదా అంటారు. పిల్లను బడి గేటు దగ్గర ఎవరూ ఆపలేదు. ఎవరూ తిట్టలేదు కూడా. అయినా పిల్ల బయటే ఉంది.

అమెరికాలో టొపీకా అనే ఊళ్లో 1950లో ఒక నల్లజాతి తండ్రి తన కూతుర్ని ఇంటికి దగ్గరున్న ప్రాథమిక బడిలో చేర్పించబోతే తెల్లపిల్లల బడి అని చేర్చుకోలేదు. లిండా బ్రౌన్ అనే ఆ పిల్ల రైలు పట్టాల పక్కన నడిచి, బస్సెక్కి, దూరాన ఉన్న వేరే బడికి పోవాల్సి వచ్చింది. కేసు సుప్రీంకోర్టుదాకా వెళ్లింది. రంగును బట్టి బడులు వేరు చేయడం చెల్లదని 1954 మే 17న తీర్పు వచ్చింది. అదీ పొరుగుబడి పోరాటమే. కానీ అక్కడ మూసిన తలుపుంది, మూసినవాడున్నాడు, వాడిమీద కేసు వేయొచ్చు. మా బడికి తలుపు తెరిచే ఉంది. తెరిచిన తలుపుమీద ఏ కోర్టులో కేసు వేస్తాం? చేసినవాడు కనపడని అన్యాయాన్ని అన్యాయమనకూడదని కొందరు చదువుకున్నవాళ్లే వాదిస్తారు. దురదృష్టం అనాలట. మాకు ఆ మాట నచ్చదు. వానో గాలో చేసిందైతే దురదృష్టం. నలుగురు మనుషులు తలా కొంచెం నాది కాదు అనుకోవడంవల్ల జరిగింది దురదృష్టం ఎలా అవుతుంది? ఆ నలుగురిలో ఏ ఒక్కరు నాది అనుకున్నా అది ఆగేది. ఆపగలిగినవాళ్లు ఉన్నచోట జరిగినదానికి బాధ్యులు లేరనడం కుదరదు.

చట్టం కూడా ఈ సంగతిని కొంత గుర్తించింది. దీన్ని మన టీచర్లలో చాలామంది చదివి ఉండరు, కుర్రాళ్లు చదవాలి. తొమ్మిదో సెక్షను స్థానిక సంస్థ విధుల్ని చెబుతుంది. తన పరిధిలో ఉంటున్న పద్నాలుగేళ్లలోపు పిల్లల రికార్డు పెట్టాలి. వలసకుటుంబాల పిల్లల్ని బడిలో చేర్పించాలి. ఉంటున్న పిల్లలు అని ఉంది అందులో. ఓటున్నవాళ్ల పిల్లలని లేదు, ఇల్లున్నవాళ్ల పిల్లలనీ లేదు. గట్టు మీద నిద్రపోయే పిల్ల కూడా ఉంటున్న పిల్లే. వయసు కాగితం లేదని చేర్చుకోకుండా ఉండకూడదని పద్నాలుగో సెక్షను చెబుతుంది. బడి కమిటీలో ముప్పాతికమంది తల్లిదండ్రులే ఉండాలని, వెనకబడినవాళ్ల పిల్లల తల్లిదండ్రులకు తగినంత చోటుండాలని ఇరవై ఒకటో సెక్షను. చెరువు కాపలా చేసే తల్లి కమిటీ మీటింగుకు ఎలా వస్తుందన్నది వేరే మాట. ఆమె పేరు ఎవరైనా అనుకున్నారా అన్నది ముందు మాట.

బడి ఎవరిది అన్న ప్రశ్నకు ఊళ్లో ఒక జవాబు రాయిమీద చెక్కి ఉంటుంది. స్థలదాత ఫలానా, గది కట్టించినవారు ఫలానా. దాతల్ని మేం తక్కువ చేయం. ఈ డెల్టా ఊళ్లలో చాలా బడులు నిలబడింది అలా ఇచ్చినవాళ్లవల్లే. కానీ ఇవాళ పొద్దున్నే ఊరి మొగలో నిలబడితే ఒక తమాషా కనపడుతుంది. పసుపుపచ్చ బస్సు వచ్చి దాతల మనవల్ని ఎక్కించుకుని గుడివాడ కాన్వెంటుకు పోతుంది. సర్కారు బడికి నడిచి వెళ్లేది మాలపల్లె పిల్లలు, మాదిగపల్లె పిల్లలు, కూలికి పోయే బీసీల పిల్లలు, ఎప్పుడైనా మా పిల్లలు. మా బడి అనేవాళ్ల పిల్లలు అందులో లేరు. పిల్లలున్నవాళ్లు మా బడి అనరు. 1964లో వేసిన కొఠారీ కమిషన్, ఉన్నవాళ్ల పిల్లలూ లేనివాళ్ల పిల్లలూ ఒకే పొరుగుబడిలో చదవాలని చెప్పింది. ఆ సలహా కాగితంలోనే ఉండిపోయింది. ఊరు వదిలేసిన బడికి పిల్లలు తగ్గుతారు. తగ్గితే ప్రభుత్వం లెక్క చూస్తుంది. 2022లో 117వ నంబరు జీవోతో మూడు, నాలుగు, ఐదు తరగతుల్ని దగ్గర్లోని హైస్కూళ్లకు తరలించడం మొదలైంది. 2025లో ఆ జీవోను వెనక్కి తీసుకుని కొత్తరకం బడులు ఏర్పాటు చేశారు. తరగతికొక టీచరుండే బడి మంచిదే, మేం కాదనం. కానీ బడి ఊరు దాటిన ప్రతిసారీ ముందు రాలిపోయేది ఊరి అంచున ఉన్న పిల్లే.

మావాళ్లలోనే కొందరు, ఇదంతా ఎందుకు, హాస్టల్లో వేస్తే సరిపోతుంది కదా అంటారు. గిరిజన గురుకులాల్లో చదివి ఉద్యోగాల్లో స్థిరపడ్డవాళ్లు మనలో ఉన్నారు, ఈ పుస్తకం చదివేవాళ్లలోనూ ఉంటారు. వాళ్ల మాటను తోసేయలేం. చేపల పట్టుబడితో ఊళ్లు మారే కుటుంబానికి హాస్టలే దిక్కు కావచ్చు. కానీ ఆరేళ్ల పిల్ల సంగతి ఆలోచించండి. ఆ వయసులో తల్లి పక్కలోంచి తీసి పంపడం మేలు కోసమే కావచ్చు. వందేళ్ల కిందట మా పిల్లల్ని విడదీసినవాళ్లు కూడా మేలు కోసమే అన్నారు. ఇంకొకటుంది. మా పిల్ల హాస్టలుకు పోతే మా పిల్ల చదువుకుంటుంది, ఊరు మాత్రం చదువుకోదు. యానాది అన్నమాటను తిట్టుగా వాడడం తప్పని రైతు పిల్లవాడికి ఎవరు నేర్పుతారు? పక్కన కూర్చుని పలక పంచుకున్న పిల్లే నేర్పాలి. అనాదిగా ఉన్నవాళ్లం కాబట్టి యానాదులమయ్యామని మా పెద్దలు చెప్పుకుంటారు. ఎరుక అంటేనే తెలివిడి. ఆ మాట పేరులో ఉన్న జాతి పిల్లకు ఏమీ తెలియదని ప్రోగ్రెస్ కార్డులో రాస్తుంటే నవ్వాలో ఏడవాలో తెలియదు. ఎరుకలవారి ఇళ్లలో కుర్రు భాష ఉంది, యానాదులు మాట్లాడేది తెలుగే. ఏజెన్సీలో కోయ, సవర, కువి పిల్లలకు సొంత భాషలో వాచకాలొచ్చాయి. మైదానంవాళ్లకు తెలుగు వచ్చుగా అని మమ్మల్ని వదిలేశారు. వచ్చు. కానీ మా తెలుగు విని క్లాసు నవ్వితే మా పిల్ల రెండోరోజు నోరు విప్పదు.

ఊరంతా మాతో కలిసి ఆ బడిని వాడుకున్న రోజులు లేవా అంటే, ఉన్నాయి. సుప్రీంకోర్టు 2001 నవంబరు 28న వండిన అన్నం పెట్టాలని చెప్పాక, 2003 జనవరి నుంచి మన రాష్ట్రంలో మధ్యాహ్నం బడి భోజనం వచ్చింది. ఒకే వరసలో కూర్చుని ఒకే గరిటెతో తినడం మా పిల్లలకు అక్కడే మొదలైంది. వడ్డించే ఆమె ఏ కులం అని గొడవలైన ఊళ్లున్నాయి, అయినా వరస నిలబడింది. ఇక వరద. 2024 సెప్టెంబరులో విజయవాడను ముంచిన బుడమేరు నీళ్లు నందివాడ మండలం ఊళ్లనూ చుట్టుముట్టాయి. అంతకుముందు 1977 నవంబరు 19 ఉప్పెనలో దివిసీమలో వేలమంది పోయారు, గట్టి కట్టడం చేతికందినవాళ్లు కొందరు బతికారు. ఆ తర్వాత తీరంలో కట్టిన తుపాను షెల్టర్లు చాలాచోట్ల బడులుగానూ వాడుకున్నారు. నీళ్లొచ్చిన రాత్రి బడి గది తాళం తీస్తారు. గట్టుమీదివాళ్లూ వస్తారు, మెరకమీదివాళ్లూ వస్తారు. ఆధార్ అడగరు. పిల్లల్ని బెంచీల మీద వరసగా పడుకోబెడతారు, ఎవరి పిల్ల అని చూడకుండా ఎవరి దుప్పటో కప్పుతారు. ఆ రాత్రి పొరుగు అంటే ఏమిటో ఎవరికీ వివరించక్కర్లేదు. కాబట్టి ఊరికి చేతకాదని మేం అనుకోం. చేతనవుతుందని చూశాం. నీళ్లు దిగినవారానికి బడి మొదలవుతుంది. అదే గదిలో పడుకున్న పిల్ల అదే గదిలో కూర్చోవడానికి మాత్రం అన్ని కాగితాలూ అడ్డం పడతాయి.

2011 లెక్కల్లో ఉమ్మడి రాష్ట్రపు అక్షరాస్యత 67 శాతం, గిరిజనులది 49 శాతం. ఈ అంకెల్లో మైదానపు గట్లమీద ఉన్నవాళ్లు ఎంతమందో విడిగా కనపడదు. కనపడాలంటే పేర్లు కావాలి. జూన్‌లో బడులు తెరిచేటప్పుడు గట్ల మీద తిరిగే ఓపిక ఉన్న మన కుర్రాళ్లకు, అమ్మాయిలకు ఒక పని చెబుతాం. నోటుబుక్కులో పిల్ల పేరు, వయసు రాయండి. గుడిసె ఫలానావారి చెరువు మీదుంది అని రాయకండి, అక్కడినుంచి నడిచిపోగలిగిన బడి పేరు రాయండి. కిందటేడు ఏ ఊళ్లో ఉన్నారో తల్లిని అడిగి, ఆ బడి పేరు కూడా పక్కన రాయండి, డ్రాప్‌బాక్సులోంచి పేరు తీయడానికి మాస్టారికి అది కావాలి. చంటిపిల్ల ఉంటే అంగన్‌వాడీ పేరూ రాయండి, లేకపోతే పెద్దపిల్ల కదలదు. ఒక కాపీ బడిలో ఇచ్చి, ఒక కాపీ పంచాయతీ సెక్రటరీకి ఇచ్చి, తొమ్మిదో సెక్షను కింద ఇస్తున్నామని పైన రాసి, ముట్టినట్టు సంతకం తీసుకోండి. పట్టుబడి సీజను కాగానే కుటుంబాలు కదులుతాయి, అప్పుడు మళ్లీ ఒకసారి తిరగాలి.